టైలరమ్మా అని పిలిస్తే

ఆ డాక్టరుగారి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మనుషులకు పేర్లు పోతాయి. తలుపు దగ్గర నిలబడి పిలిచే కాంపౌండరుకు పేర్లు నోరు తిరగవో, గుర్తుండవో, లేక ఒట్టి బద్ధకమో ఆ దేవుడికే తెలియాలి గానీ, అక్కడ ఒకాయన "పోస్టుమాస్టరుగారూ" అయితే ఇంకొకామె "కవలల తల్లీ" అవుతుంది. మూల బల్ల మీద కూర్చునే ముసలాయన ఏళ్ళ తరబడి "మోకాళ్ళ తాతా" అన్న పిలుపుకే లేచి వెళుతున్నాడు. డాక్టరుగారిదీ అదే అలవాటు. కవరు మీద కాంపౌండరు ఏం రాస్తే అదే పిలుస్తాడు, అదే నమ్ముతాడు. పైగా దాన్ని ఆప్యాయత అనుకుని మురిసిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మన టైలరమ్మా వాళ్ళలో ఒకతె.

మన టైలరమ్మది మందుల షాపు పక్కన ఒంటి గది కొట్టు. ముందు మిషను, మధ్యలో ఒక తెర, తెర వెనక మంచం, పొయ్యి. అంతే సంసారం. నలభై దాటింది, పెళ్ళి లేదు. చేసుకోలేదా, కాలేదా అని ఆరా తీసేవాళ్ళకు "కొలతలు కుదరలేదండీ" అని చెప్పి నోరు మూయించేది. తనది అనుకోవడానికి ఆమెకు ఉన్నది ఒక చెల్లెలు, ఆ చెల్లెలి కూతురు. ఆ పిల్లను అందరూ బుడ్డిది అంటారు. బడి వదలగానే బుడ్డిది "పెద్దమ్మా" అని వీధి చివరి నుంచే కేకపెడుతూ వచ్చి మిషను కింద దూరి, రాలిన గుడ్డముక్కలన్నీ ఏరుకుని కూర్చునేది. వాళ్ళమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేదాకా కదిలేది కాదు. టైలరమ్మకు రోజు మొత్తంలో అసలు రోజు అదే. మిగతాదంతా దానికోసం ఎదురుచూడటం.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. వానల్లో మొదలైంది, వానలు పోయినా అది పోలేదు. సరేనని డాక్టరుగారి దగ్గరికి వెళితే ఆయన ఛాతీ ఎక్స్‌రే తీయించాడు, తెమడ పరీక్షకు పంపాడు, వారం తర్వాత రమ్మన్నాడు. ఆ వారం తర్వాతి రోజునే అది జరిగింది.

కాంపౌండరు తలుపు తీసి, "టైలరమ్మా" అని పిలిచాడు. మన టైలరమ్మ లేచింది. ఎదురు బల్ల మీద ఇంకొకామె కూడా లేచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి కూర్చున్నారు, మళ్ళీ ఒకేసారి లేచారు. హాలంతా నవ్వింది. మోకాళ్ళ తాత కూడా నవ్వాడు.

"మీరు కూడా టైలరేనా?" అంది ఆ రెండో ఆమె.

"ఆ, ఆ మందుల షాపు పక్క కొట్టు నాదే. మీరు?"

"నేను బస్టాండు వెనక కర్టెన్ల షాపులో కుడతాను. మీ అంత పెద్ద పనేం కాదు లెండి. అన్నీ తిన్నని కుట్లే, కొలతలూ గిలతలూ ఏం ఉండవు. మీరు ముందు వెళ్ళండి, మీకు బేరాలు పోతాయి. నాదేముంది, నెలజీతం."

టైలరమ్మ కళ్ళు ఎవరిని చూసినా ముందు భుజాలమీదే పడతాయి. ఏం చేస్తుంది, వృత్తి అలాంటిది. ఈమె ఎడమ భుజం కాస్త దిగి ఉంది. ఈమెకు కుట్టాలంటే ఎడమవైపు కొంచెం మెత్త వేయాలి అనుకుంది మనసులో. పైకి మాత్రం "మీకూ దగ్గేనా?" అంది.

"నాది దుమ్ము దగ్గు. కర్టెన్ల గుడ్డ చింపితే ఎంత లేస్తుందో. మీది?"

"నాదీ అలాంటిదే అయ్యుంటుంది."

అంతే మాటలు. టైలరమ్మ ముందు లోపలికి వెళ్ళింది. బల్ల మీద రెండు పెద్ద కవర్లు పక్కపక్కనే ఉన్నాయి. రెంటి మీదా కాంపౌండరు అక్షరాలతో టైలరమ్మ అనే ఉంది. డాక్టరుగారు చేతికందిన కవరు తీశాడు, ఫిల్మును కిటికీ వైపు ఎత్తి చూశాడు, పెదవి విరిచాడు.

"టీబీ అమ్మా. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తోంది. భయం లేదు, మందులు వాడితే పోతుంది. కానీ ఇంట్లోవాళ్ళకి దూరంగా ఉండు."

ఆ తర్వాత ఆయన చెప్పినవి ఆమెకు సగం వినపడలేదు. రిపోర్టు ఇమ్మని అడిగితే, "నీకెందుకమ్మా, నేనున్నాగా. చదివినా నీకేం అర్థమవుతుంది" అన్నాడు. అదీ ఆప్యాయంగానే అన్నాడు. ఆమె బయటికి వస్తుంటే రెండో టైలరమ్మ లోపలికి వెళ్ళింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా లోపలి నుంచి డాక్టరుగారి గొంతు వినిపించింది. "ఏమీ లేదమ్మా నీకు. హాయిగా వెళ్ళు." టైలరమ్మకు ఆ క్షణాన ఆ మనిషి మీద కడుపు రగిలిపోయింది. తర్వాత తనమీద తనకే సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి కబురు ఆమెకంటే ముందే చేరిపోయింది. డాక్టరుగారు చెల్లెలికి ఫోన్ చేసి, "మీ అక్కకి టీబీ, పాపని అటు పంపకండి" అని చెప్పేశాడట. ఆయనను ఎవరు చెప్పమన్నారు? తన జబ్బు తన నోటితో చెప్పుకునే వీలైనా ఉంచాలి కదా మనిషికి. కానీ ఆ మాట అడగాలని అప్పుడు టైలరమ్మకు తట్టలేదు. మన మంచికే చెప్పాడులే అనుకుని ఊరుకుంది.

చెల్లెలు చెడ్డది కాదు. భయస్తురాలు, అంతే. మొదట్లో డబ్బాలో అన్నం పెట్టుకుని తెచ్చి మెట్టు మీద ఉంచి, వీధిలో నిలబడి "తిను అక్కా" అని వెళ్ళేది. బుడ్డిది ఎదురు అరుగు మీద నుంచి చెయ్యి ఊపేది. ఆ తర్వాత డబ్బా పక్కింటి కుర్రాడితో వచ్చింది. ఆ తర్వాత డబ్బా రావడమే మానేసింది. బుడ్డిది ఆ వీధిలోంచి బడికి వెళ్ళడం మానేసింది. చుట్టూ తిప్పి ఇంకో దారిన పంపిస్తున్నారని టైలరమ్మకు అర్థమవడానికి కొంత కాలం పట్టింది. అర్థమయ్యాక మాత్రం, బడి గంట కొట్టే వేళకు తెర వెనక్కి వెళ్ళి పడుకునేది. వీధి చూడకుండా ఉంటే నయం అనిపించేది.

బేరాలూ పోయాయి. ఇవ్వాల్సిన బట్టలు పట్టుకుపోయారు, కొత్తవి తేలేదు. "మళ్ళీ ఇస్తాంలే, నువ్వు ముందు కోలుకో" అని తీయగా చెప్పి తప్పుకునేవారు. ఇంటి ఓనరమ్మ పెరట్లో కుళాయి ముట్టుకోవద్దు, నీళ్ళు వేరేచోట చూసుకోమంది. టైలరమ్మ తన గ్లాసుకు తనే ఎర్ర రంగు పూసి విడిగా పెట్టుకుంది, ఎవరూ రాని ఇంట్లో. ఎవరి కోసమో మరి! మాట్లాడే మనిషి లేక గొంతు కూడా బొంగురుపోయింది. ఒక్కోసారి పని లేకపోయినా మిషను ముందు కూర్చుని, గుడ్డ పెట్టకుండానే తొక్కేది. ఆ టకటక చప్పుడు వింటే కొట్టు నడుస్తున్నట్టుండేది. అది కూడా ఆగిపోతే ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉండేదో ఆమెకు తెలుసు. అందుకే తొక్కేది.

మందులు మాత్రం వేళ తప్పకుండా వేసుకుంది. కడుపులో తిప్పేది, కీళ్ళు పట్టేసేవి, అయినా మానలేదు. తగ్గితే బుడ్డిది వస్తుంది, ఆమె లెక్కంతా అదే. దగ్గు మొదటి నెలలోనే పోయింది. మందు పనిచేస్తోందని సంబరపడింది పాపం.

ఇంతలో ఒకరోజు, ఎన్నాళ్ళకో వచ్చిన ఒక బేరం. ఎవరో పొరుగూరు ఆమె, సంగతి తెలియక ఒక ఎర్ర గౌను అంచు విప్పి పొడవు చేయమని ఇచ్చింది. టైలరమ్మ ఎంతో ప్రేమగా కుట్టింది. సాయంత్రం ఆమె వచ్చి, గౌను ఎత్తి చూసి, మొహం చిట్లించింది.

"ఇదేంటమ్మా, ఎర్ర గుడ్డకి ఆకుపచ్చ దారంతో కుట్టావు?"

టైలరమ్మ గౌను తీసుకుని వెలుతురులోకి వెళ్ళింది. ఎంత చూసినా ఆమెకు రెండూ ఒకే రంగుగా ఉన్నాయి. ఊపిరితిత్తులు పోతే మందులున్నాయి, కళ్ళు పోతే టైలరు బతుకు ఇంకేముంది?

మర్నాడు పెద్దాసుపత్రిలో కళ్ళ డాక్టరు ఆమె మందుల పట్టీ చూసి, ఒక బిళ్ళ పక్కన పెట్టేశాడు. "ఇది కొందరికి కళ్ళ మీద పనిచేస్తుంది. ఇప్పుడే ఆపెయ్. చూపు మెల్లగా తిరిగొస్తుంది. ఛాతీ డాక్టరమ్మని కలిసి వేరే మందు రాయించుకో" అని పై అంతస్తుకు పంపాడు.

ఛాతీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మాట కరుకు. "మొదటి ఎక్స్‌రే ఏది?" అంది.

"మా డాక్టరుగారి దగ్గరుందండీ. ఆయన ఇవ్వరు."

"ఇవ్వకపోవడానికి అది ఆయన సొత్తా? ఊపిరితిత్తులు ఎవరివి?"

"నావేనండీ."

"అయితే రిపోర్టూ నీదే. అడిగితే ఇవ్వాల్సిందే. బతిమాలకు. అదేం దయ కాదు, నీ హక్కు. అది చూడకుండా నేను ఒక్క బిళ్ళ కూడా రాయను."

హక్కు అన్న మాట టైలరమ్మ ఎప్పుడూ వినని మాట కాదు. కానీ ఎవరూ ఆమె వైపు చూసి అనలేదు. దారి పొడుగునా ఆ మాటను నోట్లోనే నములుతూ డాక్టరుగారి ఆసుపత్రికి వచ్చింది. డాక్టరుగారు లేడు. కాంపౌండరు తల కూడా ఎత్తకుండా, "సాయంత్రం రా టైలరమ్మా. అయినా అవి ఇచ్చేవి కావు" అన్నాడు.

ఆమె వెళ్ళలేదు. గోడకు వేలాడుతున్న క్యాలెండరు వెనక ఏదో బోర్డు అంచు కనిపిస్తుంటే, వెళ్ళి క్యాలెండరు పైకి ఎత్తింది. రోగుల హక్కులు అని పెద్ద అక్షరాలు, కింద వరసగా రాసి ఉన్నాయి. పెట్టమన్నారు కాబట్టి పెట్టి, పైన క్యాలెండరు కప్పారన్నమాట. ఆమె గొంతు పెంచకుండానే పైకి చదివింది. "రోగి కోరినచో తన పరీక్షల రిపోర్టులు రోగికి ఇవ్వవలెను." హాల్లో అందరూ అటు తిరిగారు. మోకాళ్ళ తాత "ఆ, అవునా? నావీ ఇవ్వండయ్యా" అన్నాడు. కాంపౌండరు ఇక కిమ్మనకుండా బీరువా తీసి కవరు చేతిలో పెట్టాడు.

ఛాతీ డాక్టరమ్మ ఆ ఫిల్మును లైటు పెట్టె మీద తగిలించి చాలాసేపు చూసింది.

"నీకెప్పుడైనా ఎడమవైపు మెడ కింది ఎముక విరిగిందా?"

"లేదండీ."

"పడ్డావా, దెబ్బ తగిలిందా, చిన్నప్పుడైనా?"

"లేదండీ. ఎందుకు?"

"ఇదిగో చూడు. ఇక్కడ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఈ మనిషికి ఎడమ భుజం దిగి ఉంటుంది. ఈ ఫిల్ము నీది కాదమ్మా."

అప్పటికప్పుడు కొత్త ఎక్స్‌రే తీయించింది. ఆమె ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పాత మచ్చ, మానిన గుర్తు, ఏదీ లేదు. తెమడ పరీక్ష కాగితం మీద నంబరు కూడా ఆ పాత ఫిల్ముదే. ఆ కవరంతా ఇంకొకరిది. "నీకు ఈ జబ్బు రానే లేదనుకుంటున్నాను. ఇంకో పరీక్ష కూడా చేసి ఖాయం చేద్దాం" అంది డాక్టరమ్మ.

టైలరమ్మకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. ఎర్ర రంగు పూసిన గ్లాసు గుర్తొచ్చింది. తొక్కిన ఖాళీ మిషను గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ ఒంటరిగా పడి ఉన్నది దేనికోసం? ఎవరి జబ్బుకోసం? అప్పుడు తగిలింది ఆ రెండో ప్రశ్న. ఎవరి జబ్బు? దిగిన భుజం కళ్ళముందు కనబడింది. మీరు ముందు వెళ్ళండి, మీకు బేరాలు పోతాయి. అలా అన్న ఆ కర్టెన్ల షాపు ఆమె!

"ఆమెకి ఏమీ లేదని చెప్పారండీ" అంది. "నేను విన్నాను."

డాక్టరమ్మ మొహం మారింది. "అయితే ఆమె మందు లేకుండా తిరుగుతోంది. ఆ డాక్టరుకి నేనూ రాస్తాను. కానీ కాగితం వెళ్ళేసరికి ఆలస్యమవుతుంది. ఆమెని ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది."

టైలరమ్మ అక్కడినుంచి నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయనే తప్పు చేశాడు, ఆయనే దిద్దుతాడు అనుకుంది. ఇన్నేళ్ళ డాక్టరు, ఆమాత్రం నమ్మకం ఉండదూ? ఆయన రెండు ఫిల్ములూ చూశాడు. చెమట తుడుచుకున్నాడు. లేచి తలుపు వేశాడు.

"చూడమ్మా, పొరపాటు మానవసహజం. దేవుడి దయ వల్ల నీకు ఏమీ లేదు. సంతోషించాల్సిన విషయం."

"మరి ఆవిడండీ?"

"ఆవిడ మళ్ళీ రాలేదు. రాలేదంటే తగ్గిపోయే ఉంటుంది. ఇప్పుడు ఎక్కడని వెతకను? లేనిపోని గోల. అందరికీ తెలిస్తే ఈ ఆసుపత్రి మీద నమ్మకం పోతుంది. పది మందికి మంచి జరిగే చోటు ఇది." గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. ఆదివారం నేనే మీ చెల్లెలింటికి వస్తాను. నా నోటితో నేనే చెప్తాను, మీ అక్కకి ఏమీ లేదని. పాపని పంపమంటాను. నువ్వు మాత్రం ఇది ఇక్కడితో వదిలెయ్. సరేనా?"

టైలరమ్మ సరే అంది. దాచడం దేనికి, ఒప్పేసుకుంది. ఆమెను తప్పు పట్టేవాళ్ళు ముందు అన్ని నెలలు ఆ గదిలో ఉండి చూడాలి. చెల్లెలికి డాక్టరుగారి మాట అంటే మాట. తనే వెళ్ళి ఏ కాగితం చూపించినా "డాక్టరుగారు చెప్పారా?" అనే అడుగుతుంది. ఆయన వచ్చి ఒక్కసారి ఏమీ లేదంటే చాలు, మర్నాడే బుడ్డిది మిషను కింద ఉంటుంది.

ఇంటికి వచ్చి గది కడిగింది. గ్లాసు మీద రంగు గీకింది. పెట్టెలోంచి మంచి గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పరిచింది. బుడ్డిదానికి గౌను కుట్టాలి, ఆదివారంలోపు అయిపోవాలి. సుద్దముక్క పట్టుకుని గీత గీయబోతే, చెయ్యి ఆగింది. ఈ నెలల్లో పిల్ల ఎంత పెరిగిందో? కొలతలు తెలియవు. ఎంత ఎత్తు వచ్చిందో, భుజాలు ఎంత వెడల్పయ్యాయో ఏమీ తెలియదు. అంచనాకు గీద్దామని భుజం దగ్గర సుద్ద పెట్టింది. భుజం అనగానే మళ్ళీ ఆ భుజమే.

ఆమెకు ఎవరున్నారో? ఆమె పక్కన ఎవరు కూర్చుంటున్నారో? ఏమీ లేదన్నారు కదా, హాయిగా నవ్వుతూ, దగ్గుతూ, తిన్నని కుట్లు వేస్తూ ఉండి ఉంటుంది. తనకు లేని జబ్బుకు అందరూ దూరమయ్యారు. ఆమెకు ఉన్న జబ్బు సంగతి ఆమెకే తెలియదు. అదే "ఏమీ లేదు" అన్న మాట కోసం తను ఆదివారం దాకా గౌను కుట్టుకుంటూ కూర్చోవడమా? టైలరమ్మకు తనమీద తనకు ఒళ్ళు మండింది. సుద్ద అక్కడ పడేసి, కొట్టు తాళం వేసి, బస్టాండు వైపు నడిచింది.

కర్టెన్ల షాపు దొరకడం కష్టం కాలేదు. ముందు హాల్లో రంగురంగుల గుడ్డలు పైనుంచి కిందికి వేలాడుతున్నాయి. వాటి వెనక, కిటికీ లేని గదిలో, మిషన్ల వరసలో చివర ఆమె ఉంది. మెడ సన్నబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఎడమ భుజం అలాగే దిగి ఉంది. పక్క మిషన్ల మీద ఇద్దరు అమ్మాయిలు మోచెయ్యి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"అయ్యో, మీరా!" అని ఆమె మొహం విప్పారింది. "మందుల షాపు టైలరమ్మా! ఎలా ఉన్నారు? ఆరోజు మీరు మొహం మాడ్చుకుని వెళ్ళారు, నేను చాలా రోజులు అనుకున్నాను మీ గురించి." అని దగ్గింది. ఆ దగ్గు తొందరగా ఆగలేదు.

"కొంచెం బయటికి వస్తారా?"

షాపు వెనక గుడ్డల మూటలు దింపే చోట నిలబడ్డారు. టైలరమ్మ దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"మీ దగ్గు తగ్గలేదా?"

"ఏం తగ్గుతుంది, ఈ దుమ్ములో. డాక్టరుగారు ఏమీ లేదన్నారుగా. బరువు కూడా తగ్గాను చూడండి, వయసులో సన్నబడితే మంచిదేలే అని ఈ పిల్లలు ఏడిపిస్తున్నారు."

"ఏమీ లేనిది మీకు కాదమ్మా. నాకు."

ఆమె అర్థం కాక చూసింది.

"ఆరోజు ఇద్దరి కవర్ల మీదా టైలరమ్మ అనే ఉంది. డాక్టరుగారు పేరు చూడలేదు. మీ రిపోర్టు నాకు చెప్పాడు, నాది మీకు చెప్పాడు." టైలరమ్మ ఆగింది. ఇది తను చెప్పాల్సిన మాట కాదని తెలుసు. చెప్పాల్సినవాడు తలుపు వేసుకుని కూర్చున్నాడు, అందుకని చెప్పింది. "మీకు టీబీ ఉంది. తగ్గే జబ్బే. మందులున్నాయి."

ఆమె తల తిప్పి షాపు వైపు చూసింది, లోపల ఆ ఇద్దరు అమ్మాయిల మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

"ముగ్గురం ఒకే గదిలో పడుకుంటాం" అంది మెల్లగా. ఆ తర్వాత, "మరి ఇన్నాళ్ళూ నా మందులు?"

"నేను మింగాను."

ఆమె టైలరమ్మను పైనుంచి కిందికి చూసింది. కోపమో, జాలో, ఏదీ తేలలేదు. మూట మీద కూర్చుండిపోయింది. టైలరమ్మ కూడా పక్కనున్న ఇంకో మూట మీద కూర్చుంది.

ఆ వారంలోనే పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆమెకు పరీక్షలు చేసింది. అప్పుడు ఒకవైపు ఉన్న మచ్చ ఇప్పుడు రెండోవైపు కూడా పాకింది. మందులు ఎక్కువ కాలం వాడాలి, తగ్గుతుందనే ఆశ ఉంది అని చెప్పింది. ఆ ఇద్దరు అమ్మాయిలకూ పరీక్ష చేయించింది. వాళ్ళకు ఇంకా అంటుకోలేదు. టైలరమ్మ రెండో పరీక్షలోనూ జబ్బు లేదని తేలింది. "జరిగింది రాతపూర్వకంగా తీసుకోండి. అది అడిగే హక్కు మీ ఇద్దరికీ ఉంది" అని పంపింది.

ఇద్దరూ డాక్టరుగారి ఆసుపత్రికి వెళ్ళారు. కర్టెన్లామె మూతికి గుడ్డ కట్టుకుని వరండాలోని బల్ల మీదే కూర్చుంది. టైలరమ్మ ఆమెకు అవతలి చివర కూర్చుంది. కాంపౌండరు తలుపు తీశాడు.

"టైలరమ్మా."

ఇద్దరూ కదలలేదు.

"టైలరమ్మా! నిన్నే."

"ఎవర్ని?" అంది టైలరమ్మ.

కాంపౌండరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. లోపల్నుంచి డాక్టరుగారే గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకు పరిస్థితి అర్థమైంది. "రండమ్మా లోపలికి" అన్నాడు.

"పేరు పెట్టి పిలిస్తే వస్తామండీ."

ఆయన కాంపౌండరు వైపు చూశాడు. కాంపౌండరు ఆయన వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా తమ దగ్గరికి వస్తున్న మనిషి పేరు ఆ ఇద్దరికీ తెలియదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. చివరికి కాంపౌండరు పెన్ను తీసి, గొంతు సవరించుకుని, "మీ పేరేంటమ్మా?" అని అడిగాడు. టైలరమ్మ చెప్పింది. ఎన్నాళ్ళకో తన పేరు తన నోట విని, ఆమెకే కొత్తగా అనిపించింది. కర్టెన్లామె కూడా చెప్పింది. అలా వాళ్ళిద్దరికీ కూడా ఒకరి పేరు ఒకరికి అప్పుడే తెలిసింది.

డాక్టరుగారు రాసిచ్చాడు. ఎవరి పరీక్ష ఎవరికి చెప్పాడో, ఎవరికి ఏ మందు ఇచ్చాడో, ఎవరికి ఇవ్వలేదో, అంతా. సంతకం పెట్టేటప్పుడు తల ఎత్తకుండానే, "మీ చెల్లెలింటికి ఇక నేను రాలేనమ్మా" అన్నాడు.

"తెలుసండీ" అంది టైలరమ్మ.

ఆ కాగితం పట్టుకుని చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు గేటు తీయలేదు. గేటు మీద నుంచే కాగితం చదివింది. "అది సరేలే అక్కా, కానీ నువ్విప్పుడు ఆ జబ్బు మనిషి వెంట తిరుగుతున్నావటగా? బస్టాండు దగ్గర చూశామని చెప్పారు. కొన్నాళ్ళు పోనీ, పాపకి అసలే జలుబు" అంది. లోపల కిటికీలో బుడ్డిదాని తల కనిపించింది. పెరిగింది పిల్ల. టైలరమ్మ చెయ్యి ఊపింది. తల వెంటనే లోపలికి వెళ్ళిపోయింది, ఎవరో లాగినట్టు.

ఆ రోజు ఆమె కొట్టుకు వెళ్ళలేదు. కర్టెన్లామె గదికి వెళ్ళింది. ఆ ఇద్దరు అమ్మాయిలూ సామాన్లు సర్దుకుని వేరే చోటికి వెళ్ళిపోయారు. షాపువాళ్ళు తగ్గాక రమ్మన్నారట. గదిలో ఒక మంచం, తలుపు పక్కన ఎర్ర రంగు పూసిన ఒక గ్లాసు. ఆ గ్లాసును చూడగానే టైలరమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. పెద్దాసుపత్రిలో తనకేం కాలేదని తెలిసినప్పుడు రాని ఏడుపు, అప్పుడొచ్చింది.

కర్టెన్లామె మంచం మీద నుంచే, "లోపలికి రాకు" అంది. "గుమ్మంలోనే ఉండు. అందరూ వెళ్ళారు, నువ్వూ వెళ్ళు. నీకు అంటుకుంటే నాకు పాపం."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో గాలి వచ్చే వైపు చాపేసుకుని కూర్చుంది.

"నీ మందులు నెలల తరబడి మింగినదాన్ని" అంది. "నాకింకేం అంటుకుంటుందే?"

కర్టెన్లామె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. టైలరమ్మ ఆ దగ్గు ఆగేదాకా అక్కడే కూర్చుంది.